మంచం ఉంది, పడవలో చోటు లేదు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగం పూర్తి పాఠం)



నేను 1985 టెన్త్ బ్యాచ్. వృత్తిరీత్యా లిఫ్టుల ఇంజనీరుని. ముప్పై ఏళ్లుగా హైదరాబాదులో లిఫ్టులు బిగించడం, తనిఖీ చెయ్యడం నా పని. కార్యదర్శి గారు ఫోన్ చేసి, "ఏదైనా ఇంజనీరింగు గురించి మాట్లాడండి, కాకపోతే అందరికీ అర్థం కావాలి" అన్నారు. అందుకని ఓడలో మంచాల గురించి మాట్లాడతాను. నవ్వకండి. అందులో ఇంజనీరింగూ ఉంది, మన స్కూలూ ఉంది.

గత ఏడాది జనవరిలో మా బ్యాచ్ వాళ్లం తొమ్మిదిమందిమి సింగపూరులో క్రూయిజ్ ఓడ ఎక్కాం. నాలుగు రాత్రులు. పెనాంగ్, ఫుకెట్ చూసి మళ్లీ సింగపూరు. నిజానికి మొదట అనుకున్నది ఎనిమిదిమందిమే. నలుగురు పడుకునే గదులు రెండు తీసుకుంటే లెక్క సరిపోతుంది. అన్నీ మాట్లాడుకున్నాక, మాలో ఒకడు అడిగాడు: "మరి వాడో?"

వాడు ఎవరో చెప్పను. ఈ సభలోనే ఉన్నాడు. పేరు చెప్పొద్దని షరతు పెట్టి మరీ నన్ను మైకు దగ్గరికి పంపాడు. టెన్త్ తర్వాత చదువు ఆపేశాడు. అప్పట్నుంచీ కొబ్బరి దింపు తీస్తున్నాడు. యాభై దాటినా రోజుకి ముప్పై చెట్లు ఎక్కుతాడు. స్కూల్లో మా ఎనిమిదిమందికీ వాడు కావలసినవాడే. వాట్సాప్ గ్రూపులో మాత్రం లేడు. అంచేత లెక్కలోకి రాలేదు.

వాడికి పాస్‌పోర్టు తీయించాం. తన వంతుగా పదిహేను వేలు తెచ్చి ఇచ్చాడు. మిగతాది మేం వేసుకున్నాం. అప్పుడు నేను టికెట్లు చూసే ఏజెంటుకి ఫోన్ చేశాను. "ఒక గదిలో నలుగురు, ఇంకో గదిలో అయిదుగురు. అయిదోవాడికి మంచం అక్కర్లేదు, కింద దుప్పటి పరుచుకుంటాడు" అన్నాను. మనకిది కొత్తా? పెళ్లిళ్లలో ఒక గదిలో పదిహేనుమంది పడుకున్నవాళ్లం. రైల్లో ఆర్‌ఏసీ వస్తే సైడ్ లోయర్ మీద ఇద్దరం ఎదురెదురుగా కాళ్లు ముడుచుకుని తెల్లారగట్టినవాళ్లం. "సర్దుకుందాం" అన్న మాట మనకి ఉగ్గుపాలతో వచ్చింది.

ఏజెంటు ఆ అమ్మాయి, "కుదరదు సార్" అంది.

"పోనీ మూడో గది తీసుకుంటాం. మూడు గదుల్లో ముగ్గురు ముగ్గురు ఉంటాం" అన్నాను. ఆ రోజుకి మిగిలిన గది ఫొటో పంపించింది. చూస్తే, గోడకి మడిచిపెట్టిన పై మంచాలు రెండున్నాయి. కానీ ఆ గదిని ఇద్దరికే ఇస్తామంది. నాకు కోపం వచ్చింది. "ఫొటోలో నాలుగు మంచాలు కనపడుతున్నాయి కదమ్మా, ముగ్గురికి ఇవ్వడానికేం?" అన్నాను.

ఆ అమ్మాయి చాలా శాంతంగా చెప్పింది: "మంచం ఉంది సార్. పడవలో చోటు లేదు."

ఆ మాట నాకు అర్థం కావడానికి రెండు రోజులు పట్టింది. అర్థమయ్యాక సిగ్గేసింది. ఎందుకంటే నా ఉద్యోగమే అది. మీరు ఎక్కే లిఫ్టులో చిన్న రేకు మీద '8 మంది, 544 కిలోలు' అని రాసి ఉంటుంది. మనిషికి 68 కిలోల చొప్పున వేసిన లెక్క అది. లోపల ఇంకో ఇద్దరు నిలబడేంత చోటు కనపడుతూనే ఉంటుంది. అయినా ఎక్కకూడదు. నిలబడే చోటు వేరు, తాడు మోసే బరువు వేరు. ఈ మాట జనానికి చెప్పడమే నా జీవితం. అలాంటి నేను ఓడ దగ్గరికొచ్చేసరికి, "కింద పడుకుంటాడు, సర్దుకుంటాడు" అన్నాను.

ముందు గది సంగతి చెబుతాను. మా గది సుమారు 170 చదరపు అడుగులు. స్నానాల గది కూడా అందులోనే. కింద రెండు విడి మంచాలు. దంపతులు వస్తే వాటినే కలిపి పెద్ద మంచం చేస్తారు. మూడో మనిషికి, నాలుగో మనిషికి మూడు పద్ధతులున్నాయి. ఒకటి సోఫా. రాత్రికి లాగితే మంచమవుతుంది. రెండోది కింద మంచం అడుగునుంచి బయటికి లాగే చక్రాల మంచం. మూడోది గోడలోకో పైకప్పులోకో మడిచిపెట్టే పై మంచం. దీన్ని పుల్‌మన్ బెర్త్ అంటారు. పందొమ్మిదో శతాబ్దంలో అమెరికాలో నిద్రపోయే రైలుపెట్టెలకి పేరు తెచ్చిన జార్జ్ పుల్‌మన్ పేరది. మన రైలు అప్పర్ బెర్త్‌కి దగ్గర చుట్టమే. పగలంతా అది కనపడదు. మనం రాత్రి భోజనానికి వెళ్లినప్పుడు గది చూసే స్టివార్డు వచ్చి, తాళం తిప్పి దాన్ని కిందకి దించి, పక్క వేసి, నిచ్చెన తగిలించి వెళ్తాడు. పొద్దున్నే మళ్లీ మడిచేస్తాడు. చిన్నపిల్లల్ని దానిమీద పడుకోనివ్వరు.

ఓడల వాళ్ల లెక్కలో గదికి ఇద్దరే అసలు ప్రయాణికులు. గదికి ఇద్దరు చొప్పున నిండితే ఓడ నూటికి నూరు శాతం నిండినట్టు. మూడోవాడు, నాలుగోవాడు ఎక్కితే నూరు దాటుతుంది. అందుకే వాళ్లకి టికెట్ తక్కువ. ఒక్కడే గది తీసుకుంటే మాత్రం దాదాపు ఇద్దరి డబ్బూ కట్టాలి. మా తొమ్మిదోవాడికి విడిగా గది తీసుకోవాలంటే ఆ ఖర్చు. పైగా ఒంటరిగా ఉండాలి. చివరికి నలుగురు, ముగ్గురు, ఇద్దరు అని మూడు గదులు తీసుకున్నాం. తలా కొంచెం ఎక్కువ పడింది.

ఇప్పుడు పడవ సంగతి. 1912 ఏప్రిల్లో టైటానిక్ మునిగినప్పుడు అందులో ఇంచుమించు 2,200 మంది ఉన్నారు. పడవలు 20. వాటిలో చోటు 1,178 మందికి. 1,500 మందికి పైగా పోయారు. ఇంజనీర్లు గుర్తుపెట్టుకోవలసిన విషయం ఏమిటంటే, ఆ ఓడ అప్పటి చట్టాన్ని తప్పలేదు. ఆనాటి బ్రిటిష్ నిబంధన ఓడ పరిమాణాన్ని బట్టి పడవలు ఎన్నుండాలో చెప్పింది. మనుషులెంతమంది అని అడగలేదు. 10,000 టన్నులు దాటితే చాలు, 16 పడవలు సరిపోతాయంది. టైటానిక్ దానికంటే నాలుగు ఎక్కువే పెట్టుకుంది. టన్నులు లెక్కపెట్టారు, తలలు లెక్కపెట్టలేదు.

ఆ తర్వాత 1914లో లండన్‌లో కొన్ని దేశాలు కూర్చుని సముద్రంలో ప్రాణరక్షణకి ఒప్పందం రాసుకున్నాయి. దాన్నే సోలాస్ అంటారు. ఇప్పుడు నడుస్తున్నది 1974 నాటిది. దూర ప్రయాణాల ఓడల్లో పడవలూ తెప్పలూ కలిపి ఓడలో ఉన్న ప్రతి మనిషికీ చోటుండాలి. ఆ పైన ఇంకో 25 శాతం మందికి సరిపడా తెప్పలుండాలి. ఆ అదనం అమ్ముకోవడానికి కాదు, ఏదైనా పాడైతే వాడుకోవడానికి. ప్రయాణికుల ఓడ పడవలో మనిషికి 75 కిలోల బరువు, 43 సెంటీమీటర్ల వెడల్పు చొప్పున లెక్క కడతారు. పాలు తాగే పాప కూడా ఒక మనిషి కిందే లెక్క. ఓడలో ఒక భాగంలో ఉన్న గదులన్నీ ఫలానా చోట గుమిగూడాలని ముందే రాసుంటుంది. ఆ చోటికి కేటాయించిన పడవలు నిండిపోతే, ఆ భాగంలో ఏ గదిలో ఎన్ని ఖాళీ మంచాలున్నా ఇంకొకరిని ఎక్కించుకోరు. నేను ఫోన్లో కోప్పడిన అమ్మాయి చెప్పింది అదే.

ఈ లెక్క నాకు కొత్తేమీ కాదని ఆ రోజే గుర్తొచ్చింది. 1983లో మేం తొమ్మిదో తరగతిలో ఉండగా రామచంద్రపురంలో కబడ్డీ పోటీలకి బయల్దేరాం. ముక్తేశ్వరం రేవులో పడవ ఎక్కి కోటిపల్లి వైపు దాటాలి. పడవతను అందర్నీ ఎక్కమన్నాడు. మన లెక్కల మాస్టారు గట్టున నిలబడి తలలు లెక్కపెట్టి, చివరి ముగ్గుర్ని దింపేశారు. నేనూ, ఇప్పుడు చెప్పిన మా తొమ్మిదోవాడూ అందులో ఉన్నాం. ఏడుపొక్కటే తక్కువ. "చోటుంది కదండీ" అన్నాం. "చోటు చూసి ఎక్కరు, నీళ్లు చూసి ఎక్కుతారు" అన్నారాయన. మిగతావాళ్లని డ్రిల్లు మాస్టారితో పంపించేసి, తను మాత్రం మా ముగ్గురితో రేవులో ఉండిపోయారు. తర్వాతి పడవ వచ్చేదాకా గంటన్నర ఎండలో మాతోపాటు కూర్చున్నారు. మాకు జామకాయలు కొనిపెట్టారు.

2019 సెప్టెంబరు 15న మన గోదావరిలోనే కచ్చులూరు దగ్గర పర్యాటకుల పడవ మునిగింది. అందులో ఎంతమంది ఎక్కారన్న లెక్క మొదటి రోజు ఒక్కోచోట ఒక్కోలా వినపడింది. ఆ సాయంత్రం టీవీ ముందు కూర్చుని నేను మాస్టార్నే తలుచుకున్నాను. ఆయన మమ్మల్ని దింపేశారని ఇన్నేళ్లూ చెప్పుకుని నవ్వుకునేవాళ్లం. ఆయన దింపేసిన వాళ్లతోనే ఉండిపోయారన్న సంగతి మాత్రం నాకు ఓడలోనే బాగా తెలిసొచ్చింది. అదెలాగో చెబుతాను.

ఓడ ఎక్కిన రోజు సాయంత్రం మంచాలు పంచుకున్నాం. ఇద్దరి గది, గురక మిషను పెట్టుకునేవాడికీ, స్టెంటు వేయించుకున్నవాడికీ ఇచ్చాం. నలుగురి గదిలో రెండు పై మంచాలకి చీట్లు వేసుకున్నారు. మా ముగ్గురి గదిలో చీట్లు కూడా వెయ్యలేదు. నాకు మోకాళ్లు నొప్పి. ఇంకొకడికి షుగరు, రాత్రి మూడుసార్లు లేవాలి. ఇద్దరం ఒకేసారి వాడి వైపు చూశాం. "నువ్వు చెట్లెక్కేవాడివి, నీకిదో లెక్కా?" అన్నాం. వాడు నవ్వి, చెప్పులు విడిచి, నిచ్చెన పట్టుకోకుండానే ఎక్కేశాడు. మేం చప్పట్లు కొట్టాం.

బయల్దేరేముందు ప్రమాదం వస్తే ఏం చెయ్యాలో చెప్పే మస్టర్ డ్రిల్లు జరిగింది. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా ఓడ రాయికి తగిలి ఒరిగిపోయి 32 మంది పోయారు. ఆ సాయంత్రమే ఎక్కిన సుమారు 700 మందికి అప్పటికింకా డ్రిల్లు జరగలేదు. అప్పట్లో ఎక్కిన 24 గంటల్లోపు జరిపితే సరిపోయేది. 2015 నుంచి ఓడ బయల్దేరేముందే, లేదా బయల్దేరిన వెంటనే జరపాలని నిబంధన మార్చారు. మా కార్డు మీద రాసి ఉన్న చోటికి వెళ్లాం. ఒక అమ్మాయి ఒక్కొక్కరి కార్డూ మిషను మీద పెట్టి, పేరు పిలిచి, టిక్కు పెట్టుకుంది. వాడి పేరు కూడా ఇంటిపేరుతో సహా పిలిచింది. వాడు చెయ్యెత్తి "ప్రెజెంట్ సార్" అన్నాడు. మళ్లీ నవ్వాం. నెత్తిమీద వేలాడుతున్న పసుపు పడవకేసి చూసి నన్నడిగాడు: "ఒరే, దీంట్లో కూడా నా సీటు పైనేనా?"

సరదాకి అన్నాడనుకున్నాను.

రెండో రాత్రి రెండింటికి నాకు మెలకువ వచ్చింది. చూస్తే వాడు నిచ్చెన పక్కన కుర్చీలో కూర్చుని ఉన్నాడు. "నిద్ర పట్టలేదేంట్రా?" అన్నాను. "నిన్న కూడా పట్టలేదు. మీరు గురకపెడుతున్నారు, ఎందుకు లేపడమని..." అన్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. "పోయినేడు మా ఊళ్లో దింపు కుర్రాడొకడు చెట్టుమీంచి జారి పడిపోయాడు. నా కళ్ల ముందే. అప్పట్నుంచి పైన ఉన్నంతసేపూ నా చెయ్యి దేన్నో ఒకదాన్ని పట్టుకునే ఉంటది. ఇక్కడ కూడా అంతే. నిద్రలో చెయ్యి వదిలేస్తానేమోనని భయం." కాసేపాగి, "రోజూ పైనే కదరా నా బతుకు. ఈ నాలుగు రోజులన్నా కింద పడుకుందామనుకున్నా" అన్నాడు.

నేను మాట్లాడలేకపోయాను. వాడి టికెట్టుకి మేం డబ్బు వేశాం. డబ్బు వేసినందుకు వాడి మంచం కూడా మేమే నిర్ణయించేశాం. అదనపు మంచం అనగానే అదనపు మనిషి ఎవరా అని చూశాం. ఓడ వాళ్ల కాగితంలో వాడు ఒక పూర్తి మనిషి. వాడికీ 75 కిలోలు, వాడికీ 43 సెంటీమీటర్లు. ఆ పడవలో పైదీ కిందదీ లేదు. మా లెక్కలోనే వాడు తొమ్మిదోవాడు.

లేచి నా మంచం ఇచ్చాను. వద్దన్నాడు. "మాస్టారు మనతో రేవులో కూర్చోలేదూ?" అన్నాను. ఇంకేం మాట్లాడకుండా పడుకున్నాడు. పది నిమిషాల్లో నిద్రపోయాడు. చెయ్యి మంచం పక్కకి వేలాడుతోంది. ఆ చెయ్యి ఏదీ పట్టుకుని లేదు.

నేను నిచ్చెన ఎక్కాను. మోకాళ్లు గోల పెట్టాయి. పైన లేచి కూర్చునే వీల్లేదు, తల పైకప్పుకి తగులుతుంది. ఏసీ గాలి సరిగ్గా మొహం మీదికి కొడుతుంది. ఒళ్లు కట్టేసుకున్నట్టు పడుకుని, ఓడ కదిలినప్పుడల్లా గోడలోంచి వచ్చే చిన్న చప్పుళ్లు వింటూ తెల్లవార్లూ మేలుకున్నాను. రెండు రాత్రులు వాడు ఇలాగే ఉన్నాడన్నమాట. పొద్దున్న టిఫిను దగ్గర సంగతి చెబితే, మా షుగరు మిత్రుడు నా కంటే ముందే, "మూడో రాత్రి నాది" అన్నాడు. నాలుగో రాత్రి మళ్లీ నేనెక్కాను. దేహం అలవాటు పడింది కాబోలు, కాస్త నిద్ర కూడా పట్టింది.

మీలో ఎవరైనా ఇలాంటి ప్రయాణం పెట్టుకుంటే నా అనుభవంగా నాలుగు మాటలు. గదిలో నలుగురు పడతారని రాసి ఉన్నా, మీరు అనుకున్న తేదీకి నలుగురికి ఇస్తున్నారో లేదో ముందే కనుక్కోండి. మూడో మంచం సోఫానా, పై మంచమా అని అడగండి. పెద్దవాళ్లుంటే సోఫా ఉన్న గదే తీసుకోండి. చంటిపాప ఉంటే ఆ పాప పేరు మొదటి రోజే టికెట్లో రాయించండి, ఒళ్లో కూర్చుంటుందిలే అనుకోకండి. పై మంచం తప్పదనుకుంటే, ఎవరెవరు ఏ రాత్రి ఎక్కాలో ఇంటి దగ్గరే వంతులు వేసుకోండి. ఆ వంతుల్లో టికెట్టు కొన్నవాడి పేరు మొదట ఉండాలి.

ఇక చివరి మాట. ఈ సంచికలో అచ్చువేయడానికి బ్యాచ్‌ల వారీగా పేర్ల పట్టిక తయారవుతోందని కార్యదర్శి గారు చెప్పారు. మా బ్యాచ్ పేజీ చూశాను. టెన్త్ లో మేం 62 మందిమి. పట్టికలో 31 పేర్లున్నాయి. ఫోన్ నంబరు ఇచ్చినవాళ్లు, చందా కట్టినవాళ్లు. మా తొమ్మిదోవాడి పేరు లేదు. ఓడ దిగాక కూడా ఆ పని చెయ్యలేదు నేను. మొన్న హెడ్మాస్టారి అనుమతితో పాత హాజరు రిజిస్టరు తీయించి, 62 పేర్లూ రాసి కార్యదర్శి గారికి ఇచ్చాను. వాళ్లలో చనిపోయినవాళ్లు ఉన్నారు, ఎక్కడున్నారో తెలియనివాళ్లు ఉన్నారు. నంబరు ఉన్నా లేకపోయినా, చందా కట్టినా కట్టకపోయినా పేరు ఉండాలని నా మనవి. ప్రతి బ్యాచ్‌లోనూ ఒకరు పూనుకుని ఈ పని చెయ్యండి. రిజిస్టర్లు ఆఫీసు గదిలో బీరువాలో ఉన్నాయి. కొన్నిటికి చెదలు పట్టింది. త్వరగా చెయ్యండి.

మాస్టారు ఇవాళ మన మధ్య లేరు. ఆయన లెక్కల్లో నాకు ఎప్పుడూ అరవై దాటలేదు. ఈ ఒక్క లెక్క మాత్రం నలభై ఏళ్లు ఆలస్యంగా అయినా వచ్చిందని ఆయనకి ఇక్కడినుంచే చెప్పుకుంటున్నాను.